‘మీరు’ ఎవరో తేల్చే ఉపసంఘం

మన జాతి ఎలా ఆలోచిస్తుందో నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. మా ఊరి పెద్దాసుపత్రి అభివృద్ధి సంఘంలో గృహిణుల తరఫున నన్ను సభ్యురాలిగా వేశాక తెలిసింది. డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉంటున్న ఆడవాళ్ళ జాబితా ఒకటి ఎవరో తయారు చేశారట. నా పేరు అంబుజాక్షి కావడంతో అక్షరక్రమంలో ఉత్తరం ముందు నాకే వచ్చింది.

సంఘంలో పదకొండు మందిమి. అధ్యక్షులు సూపరింటెండెంటు డాక్టర్ కూర్మనాథం గారు. ఫైళ్ళూ తాళాలూ సీనియర్ అసిస్టెంటు గవర్రాజు గారి దగ్గర ఉంటాయి. మిగిలినవాళ్ళను పరిచయం చేయవలసిన పని లేదు. చివరిదాకా వాళ్ళు చేసిందల్లా తల ఊపడమే.

మొదటి సమావేశానికి వెళ్ళినరోజు వరండాలో ఒక స్ట్రెచర్ నన్ను దాదాపు గుద్దేసింది.

"జరగండమ్మా, జరగండి! బండికి బ్రేకుల్లేవు, నాకూ లేవు!" అంటూ ఒక ఆయా దాన్ని తోసుకుపోతోంది. దాని మీద నొప్పులు పడుతున్న పిల్ల. వరండా దిగి, క్యాంటీన్ ముందునుంచి, సైకిల్ స్టాండు పక్కనుంచి, జనరేటర్ గది చుట్టూ తిరిగి ఆ స్ట్రెచర్ ఎండలో మాయమైంది. జనరేటర్ దగ్గర ముందు చక్రం కంకరలో దిగబడితే ఒక రోగి బంధువు వచ్చి ఎత్తాడు.

ఖాళీ స్ట్రెచర్‌తో తిరిగొచ్చాక ఆయాను అడిగాను, ఎక్కడికి తీసుకెళ్ళావని. ఆమె పేరు నూకరత్నం. కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ప్రసూతి వార్డు చివరనున్న ఆకుపచ్చ తలుపు వైపు గడ్డంతో చూపించింది.

"ఆ తలుపవతలేనండి ఆపరేషన్ థియేటరు. తాళం ఏసుందిగదండీ, అందుకని సుట్టూ తిప్పుతాం."

"తాళం ఎందుకేశారు?"

"నాలుగేళ్ళ కితం ఎవరో పెద్దాయనొస్తున్నారని రంగేశారండి. తడి మీద ఎవరూ సెయ్యెట్టకుండా తాళం ఏశారు. రంగారిపోనాది. తాళం అలాగే ఉండిపోనాది."

తలుపు గుండా అయితే ఇరవై రెండు అడుగులు. చుట్టూ తిరిగితే మూడువందల నలభై ఒకటి. తలుపుకు రెండువైపులా నడిచి నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"మా కోడలు లోవలక్ష్మికి ఏడో నెలండి," అంది నూకరత్నం. "మొదటి కాన్పు ఆపరేషను. ఇదీ ఆపరేషనేనని డాక్టరమ్మ హైమవతి గారు ముందే సెప్పేశారు. వినాయక చవితెల్లాక డేటిచ్చారండి. ఆ వానల్లో దాన్ని ఆ కంకర మీద నేనే గదండీ తొయ్యాలి. తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నాను. పేరులోనే తలుపుంది, ఇదొక్కటీ తీయించు తల్లీ అని."

తల్లిదాకా ఎందుకులే, కమిటీ ఉందిగదా అనుకున్నాను. అప్పటికి కమిటీలకు కొత్తదాన్ని.

సమావేశంలో తలుపు సంగతి ఎత్తాను. అందరూ తలూపారు. సూపరింటెండెంటు గారు "అత్యంత సముచితమైన సూచన" అన్నారు. గవర్రాజు గారి నడుముకున్న తాళాల గుత్తి నాకు కనిపిస్తూనే ఉంది. లేచి వెళ్ళి తీసివస్తే టీ చల్లారేలోగా అయిపోయే పని. కానీ ఆ రోజే రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. గవర్రాజు గారు నిలబడి చదివారు.

"ఇకమీదట సంఘములన్నియు తమ సామూహిక నిర్ణయములను జాతీయ సంస్కృతికి అనుగుణముగా మాత్రమే తీసుకొనవలెను. అట్టి సంస్కృతి ఏదియో తెలియజేయుటకు నిపుణులు పంపబడుదురు."

నిపుణుడు తరవాతి వారమే వచ్చాడు. పేరు ప్రద్యుమ్న. చక్కటి నార చొక్కా, చేతిలో తెర మీద ఎర్రచుక్క వేసే పెన్ను. జపాను వాళ్ళు ఎలా కలిసి పనిచేస్తారో, అమెరికా వాళ్ళు ఎలా వాదించుకుంటారో, మనవాళ్ళు ఎందుకు ఆ రెండూ చేయరో రెండు గంటలు చెప్పాడు. మనకు ‘అధికార దూరం’ చాలా ఎక్కువట. అంటే పైవాడికీ కిందివాడికీ మధ్య ఉండే ఎడం. అది మన జాతి లక్షణమట. దాన్ని తిట్టుకోకూడదు, గౌరవించాలట.

"ఎన్ని అడుగులుండాలండీ?" అని గవర్రాజు గారు పెన్ను తీశారు.

ప్రద్యుమ్నకు ప్రశ్న అర్థం కాలేదు. "మన దేశంలో అయితే, చాలా," అన్నాడు.

ఆపైన తలుపు సంగతి వినగానే అతని మొహం వెలిగిపోయింది. "అద్భుతం! ఎవరికీ అభ్యంతరం లేదు, ఎవరికీ నష్టం లేదు. స్వచ్ఛమైన నిర్ణయం! దీన్ని సమస్యగా చూడకండి. ప్రయోగశాలగా చూడండి. వేరువేరు జాతుల పద్ధతుల్లో ఈ తలుపు మీద నిర్ణయం తీసుకుందాం. ఏది మనకు సరిపోతుందో తేలుతుంది. అప్పటిదాకా తలుపును యథాతథంగా ఉంచాలి. తెరిచేస్తే ప్రయోగం చెడిపోతుంది."

నాలుగేళ్ళుగా ఏ కారణమూ లేకుండా మూసి ఉన్న తలుపుకు ఆ రోజు ఒక కారణం దొరికింది.

తరవాతి సమావేశానికి వెళ్ళేసరికి హాలు మారిపోయి ఉంది. సూపరింటెండెంటు గారి కుర్చీ ఆ చివర, మా కుర్చీలు ఈ చివర. మధ్యలో ఇంజనీరు గారు టేపు పట్టుకుని వంగి ఉన్నారు. "పందొమ్మిది అడుగుల ఏడంగుళాలు. ఇంకా పెంచాలంటే గోడ కొట్టాలి సార్!" అని అరిచారు. అరవకపోతే వినపడదు. అటునుంచి సూపరింటెండెంటు గారు ఏదో అన్నారు. అందరూ తలూపారు. ఏమన్నారని పక్కాయన్ని అడిగాను. "ఏమో మేడం, సార్ అన్నారు గదా," అన్నాడాయన.

మొదట జపాను పద్ధతి. అక్కడ కాగితం కిందనుంచి పైకి వెళుతుందట, ప్రతివారూ తమ ముద్ర వేస్తారట. ఆసుపత్రిలో అందరికన్నా కిందిది నూకరత్నం కాబట్టి ఆమెకొక రబ్బరు స్టాంపు చేయించారు. ఆమె దాన్ని చేతిలో తిప్పి చూసుకుంది.

"నా పేరేనాండీ? అచ్చు ఆఫీసర్ల పేరులాగే ఉంది!" అంది. తలుపు తెరవవచ్చునన్న కాగితం మీద మొదటి ముద్ర ఎంత గట్టిగా కొట్టిందంటే బల్ల మీది ఇంకు సీసా ఎగిరింది.

కాగితం ఆయా నుంచి నర్సుకు, నర్సు నుంచి హెడ్ నర్సుకు, అక్కణ్ణుంచి స్టోరుకు, ఫార్మసీకి, ఇంజనీరుకు, చివరికి గవర్రాజు గారికి చేరింది. ఆషాఢం వెళ్ళింది. పందొమ్మిది ముద్రలతో సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన మొహం ఎర్రబడింది.

"అంటే ఏమిటి? నాకు చెప్పకుండానే నిర్ణయం అయిపోయిందా? ఆయా సంతకం పెట్టాక నేను పెట్టాలా?"

"ముద్ర సార్, సంతకం కాదు," అన్నారు గవర్రాజు గారు.

"మరీ అన్యాయం!"

కాగితం కిందికి వచ్చేసింది. జపాను పద్ధతి మన అధికార దూరానికి సరిపడదని తీర్మానించడమైనది.

అమెరికా పద్ధతి ఒక్క పూటలో ముగిసింది. అందులో ఎవరైనా ఎవరినైనా మొహం మీదే విమర్శించవచ్చు. సూపరింటెండెంటు గారు మైకు పుచ్చుకుని, "భయపడకండి. నా లోపం ఏదైనా సరే నిర్మొహమాటంగా చెప్పండి," అన్నారు. గడియారంలో పదకొండు నిమిషాలు చూశాను. ఆఖరికి ఫార్మసీ ఆయన లేచాడు.

"సార్, చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను. మీరు మధ్యాహ్నం భోజనం మరీ ఆలస్యంగా చేస్తున్నారు."

చప్పట్లు మోగాయి. సూపరింటెండెంటు గారు కళ్ళు తుడుచుకున్నారు. తలుపు సంగతి అడుగుదామని నేను లేచేసరికి ఆయన భోజనానికి వెళ్ళిపోయారు.

వరండాలో నూకరత్నం ఎదురొచ్చింది. పక్కన గోడకానుకుని లోవలక్ష్మి, చేతిలో పరీక్షల చీటీ. ఎనిమిదో నెల నిండింది.

"ఏవైందండీ అమ్మగారూ?"

"అమెరికా వాళ్ళది కుదరలేదు."

"ఆళ్ళనెందుకడిగారండీ? తాళం గవర్రాజు గారి దగ్గరుంటేనీ!"

లోవలక్ష్మి నవ్వింది. "అత్తా, నువ్వూరుకో. మనకి తెలీదు, ఆళ్ళు సదువుకున్నోళ్ళు," అంది. నేను కూడా నవ్వాను. నవ్వవలసిన సమయం కాదని ఇంటికి వచ్చాక తోచింది.

శ్రావణంలో మన సొంత పద్ధతి మొదలైంది. ప్రద్యుమ్న ఈసారి మా ఆసుపత్రిలోనే వారం ఉండి, మా మాటలు విని, ఒక విషయం కనిపెట్టానన్నాడు.

"తెలుగువారు సమష్టిగా నిర్ణయం తీసుకునేటప్పుడు ‘అవును’ అనరు, ‘కాదు’ అనరు. ‘మీ ఇష్టం’ అంటారు. ఇది మన సామరస్య సంస్కృతికి శిఖరం. ఎదుటివారి మీద సంపూర్ణ విశ్వాసంతో ఇచ్చే ఆమోదం!"

ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఆయనతో నేను ‘మీ ఇష్టం’ అన్న ప్రతిసారీ ఏం జరిగిందో జ్ఞాపకం చేసుకున్నాను. బయలుదేరబోతున్న ఆయన చెప్పులు విడిచి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఊరుకోలేక చెయ్యెత్తాను.

"మీ ఇష్టం అంటే ఒప్పుకున్నట్టు కాదండీ. చాలాసార్లు వద్దని. మరికొన్నిసార్లు, ఏమైనా అయితే నన్ననవద్దని."

"గృహిణుల కోణం ఎంతో విలువైనది," అన్నాడు ప్రద్యుమ్న. గవర్రాజు గారు పుస్తకంలో రాసుకున్నారు. మెడ చాచి చూశాను. ‘గృహిణుల ప్రతినిధి ఆమోదం తెలిపినారు’ అని ఉంది.

కాగితాలు పంచారు. తలుపు తెరుచుట గురించి మూడు గడులు: అవును, కాదు, మీ ఇష్టం. పదకొండు కాగితాలూ వెనక్కి వచ్చాయి. పది మంది ‘మీ ఇష్టం’. ఒకటి ‘అవును’. ఆ ఒక్కటీ నాది. అది జాతీయ సంస్కృతికి భిన్నంగా ఉందని పక్కన పెట్టారు. ఏకగ్రీవమైంది.

"చరిత్రాత్మకం!" అన్నాడు ప్రద్యుమ్న.

"అయితే తెరిచేస్తారా?" అన్నాను.

గవర్రాజు గారు నా వైపు జాలిగా చూశారు. "ఎవరి ఇష్టమో తేలాలి కదా మేడం. ‘మీ’ అని ఉంది. మీరంటే ఎవరు?"

‘మీరు’ అంటే సూపరింటెండెంటు గారేనని సభ్యులన్నారు. కాదు, తాను కూడా ‘మీ ఇష్టం’ గడిలోనే టిక్కు పెట్టాననీ, తన ఉద్దేశంలో ‘మీరు’ అంటే సభ్యులేననీ ఆయన అన్నారు. సభ్యులు పైవారి వైపు చూశారు, పైవారు నిపుణుడి వైపు చూశారు. నిపుణుడు నవ్వి, తాను కేవలం అనుసంధానకర్తనన్నాడు. ‘మీరు’ ఎవరో తేల్చడానికి ముగ్గురితో ఒక ఉపసంఘాన్ని నియమించడమైనది.

ఉపసంఘం మా ఊరి కాలేజీ తెలుగు లెక్చరర్ గారిని పిలిపించింది. ఆయన నలభై పేజీలు రాసి తెచ్చి, పద్దెనిమిది చదివారు. ‘మీరు’ రూపంలో బహువచనం, మర్యాదలో ఏకవచనం. ఒక్కరినే ఉద్దేశించినా అందరికీ వర్తించినట్టుంటుంది, అందరినీ ఉద్దేశించినా ఏ ఒక్కరికీ తగలదు.

"అంటే ఎవరండీ?" అని సూపరింటెండెంటు గారు మైకులో అడిగారు.

"అది వ్యాకరణం పరిధిలోకి రాదు," అన్నారు లెక్చరర్ గారు, కాగితాలు సర్దుకుంటూ.

ఉపసంఘం గడువు పొడిగించారు. వినాయకుణ్ణి నిమజ్జనం కూడా చేసేశారు. జనరేటర్ దగ్గర కంకరలో నీళ్ళు నిలిచాయి. ఆ వారం చక్రం దిగబడి ఒక స్ట్రెచర్ పక్కకు ఒరిగితే నూకరత్నం తన మోకాలు అడ్డం పెట్టి ఆపింది. మోకాలికి కట్టుతో కుంటుతూ వచ్చి మా సమావేశం హాలు గుమ్మంలో నిలబడింది.

"నమస్కారవండీ అందరికీ. మా కోడలికి నెల నిండిపోయిందండి. ఇయ్యాలో రేపో. ఆ తలుపు తీయించండి బాబూ. లేదంటే తియ్యవని సెప్పేయండి, పక్కూరి ఆసుపత్రికి తీసుకుపోతాను."

పాపం, ఆమె తీస్తామనో తీయబోమనో చెప్పమంది. సంస్కృతి తెలియని మనిషి. అయినా ప్రద్యుమ్న కదిలిపోయాడు. లేచి అటూ ఇటూ నడిచాడు. హఠాత్తుగా ఆగి, చిటికె వేశాడు.

"మనం మొదటి నుంచీ పొరబడ్డాం! మన సంస్కృతిలో తలుపు తెరవడం నిర్ణయం కాదు. ప్రారంభోత్సవం! ప్రారంభోత్సవానికి నిర్ణయం అక్కర్లేదు, ముహూర్తం చాలు!"

మూడు నెలల్లో మొట్టమొదటిసారి హాలులో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ముఖ్య అతిథి ఎవరు, బొకేనా దండా, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు, టిఫిన్‌లో ఉప్మానా పెసరట్టా. ఇరవై నిమిషాల్లో అన్నీ తేలిపోయాయి. మనవాళ్ళకు కలిసి పనిచేయడం రాదనేవాళ్ళు ఆ ఇరవై నిమిషాలూ చూసి ఉండవలసింది. ప్రద్యుమ్న కూడా చూడలేదు. ఫోన్లో ఉన్నాడు.

శుక్రవారం ఉదయం పదీ నలభైకి ముహూర్తం. ముఖ్య అతిథిగా జిల్లా పెద్దగారు. పొద్దున్నే తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి మామిడాకులు కట్టి, అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. గృహిణుల ప్రతినిధిని కనుక కత్తెర ఉన్న పళ్ళెం నాకు ఇచ్చారు. కుంకుమ, అక్షింతలు, మధ్యలో కత్తెర. పదీ నలభై అయింది, పదకొండున్నర అయింది. వాన మొదలైంది. జిల్లా పెద్దగారు ఇంకో ప్రారంభోత్సవంలో ఉన్నారని కబురొచ్చింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా వార్డు లోపలినుంచి డాక్టర్ హైమవతి గొంతు వినిపించింది. "బిడ్డ గుండె తగ్గుతోంది! థియేటర్‌కి, తొందరగా!"

స్ట్రెచర్ వచ్చింది. దాని మీద లోవలక్ష్మి, కళ్ళు మూసుకుని పెదవి కొరుక్కుంటోంది. తోస్తున్నది నూకరత్నం. బయట వాన. ఎదురుగా తెరిచి ఉన్న తలుపు. అవతల థియేటర్ లైట్లు కనబడుతున్నాయి. మధ్యలో రిబ్బను.

నూకరత్నం ఆగింది. "ఎల్లమంటారా అండీ?"

ఇంజనీరు గారు గవర్రాజు గారిని చూశారు. గవర్రాజు గారు సూపరింటెండెంటు గారిని చూశారు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కత్తెర నా చేతిలో ఉంది. నేనూ సూపరింటెండెంటు గారినే చూశాను.

"ఎల్లమంటారా, సుట్టూ తిప్పమంటారా? సెప్పండి బాబూ!"

సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు. ఒకసారి ప్రద్యుమ్న వైపు, ఒకసారి వాన వైపు చూశారు. "అంటే... పెద్దగారు దారిలో ఉన్నారు... మరి మీ ఇష్టం," అన్నారు.

ఎవరితో అన్నారో ఆయనకే తెలియదు.

"అలాగేనండి," అంది నూకరత్నం.

స్ట్రెచర్ రెండడుగులు వెనక్కి లాగి ఒక్క తోపు తోసింది. రిబ్బను సాగి, టప్పున తెగి, ఒక మామిడాకుల తోరణంతో సహా థియేటర్‌లోకి వెళ్ళిపోయింది. ఇరవై రెండు అడుగులు. పన్నెండూ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. ఏడవడానికి కొంచెం ఆలస్యం చేసింది గానీ, ఏడ్చింది. మరో పది నిమిషాలయితే ఏడ్చేది కాదని హైమవతి గారు చేతులు కడుక్కుంటూ, ఎవరివైపూ చూడకుండా అన్నారు.

జిల్లా పెద్దగారు రెండింటికి వచ్చారు. రిబ్బను లేదు. ఉప్మా ఉంది. తిని వెళ్ళారు.

ప్రద్యుమ్న నివేదిక అచ్చయి వచ్చింది. మా ఆసుపత్రిలో సామూహిక నిర్ణయం విజయవంతమైందట. అట్ట మీద తెరిచిన తలుపు, దాని ముందు నవ్వుతూ పది మంది. పక్కన పళ్ళెంతో నేను.

అదే రోజు నూకరత్నానికి మెమో వచ్చింది. ‘ప్రారంభోత్సవమునకు పూర్వమే ద్వారమును స్వంత నిర్ణయముతో వినియోగించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.’ కాంట్రాక్టు రద్దు చేస్తామని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చింది. జవాబు నన్ను రాయమంది.

"ఏం రాయమంటావు?"

"జరిగిందే రాయండమ్మా."

రాశాను. ‘బిడ్డ గుండె తగ్గుతోందని డాక్టరమ్మ చెప్పారు. తలుపు తెరిచి ఉంది. అడిగాను. మీ ఇష్టం అన్నారు. నేను వెళ్ళాను.’

గవర్రాజు గారు ఆ కాగితం చదివి నొచ్చుకున్నారు. నిజానికి ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు తీసి, మమ్మల్ని కూర్చోబెట్టి, ఫైలు మా వైపు తిప్పారు. "చూడు రత్నం, రెండువందల పేజీల ఫైలిది. పరిశీలించడమైనది, చర్చించడమైనది, తీర్మానించడమైనది. ఎక్కడైనా ‘నేను’ అని ఉందా? నువ్వొక్కదానివే ‘నేను వెళ్ళాను’ అంటే ఎలా? ‘వెళ్ళడమైనది’ అని మార్చు. ఎవరు వెళ్ళారో ఉండదు, ఎవరి మీదా చర్య ఉండదు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

నాకు అది మంచి సలహాలాగే తోచింది. పెన్ను మూత తీశాను. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది.

"ఎల్లింది నేనేగదండీ. ఇంకెవులో ఎల్లినట్టు రాస్తారేటి? ఉంచండి."

"ఉద్యోగం పోతుందే!" అన్నాను.

"అది తరవాత సూద్దారి. గవర్రాజు గారండీ, ఒక్కటడుగుతాను. నన్ను తీసేస్తే, ఆ తలుపుకి మళ్ళీ తాళం ఏసేత్తారా?"

గవర్రాజు గారు కళ్ళజోడు పెట్టుకుని ఫైల్లో మొదటినుంచి చివరిదాకా వెతికారు.

"వెయ్యలేం. అది కొత్త అంశం అవుతుంది. వెయ్యాలన్నా, నిన్ను తియ్యాలన్నా కమిటీ కూర్చుని నిర్ణయించాలి."

నూకరత్నం లేచి కొంగు దులుపుకుంది. మూడు నెలల్లో ఆమె పళ్ళు నేను చూడడం అదే మొదలు.

"అయితే ఇంక పర్లేదండి," అంది.